ఎప్పుడైనా విన్నామా?

2023 దసరాకి మా వూరు వెళ్ళాను. పత్తి మొదటి తీత మొదలైంది. మిరప మొక్కలు ఇంకా మోకాలెత్తు కూడా రాలేదు. పొద్దున్నే అరుగు మీద కూచుని కాఫీ తాగుతుంటే మా బాబాయి పేపరు తెచ్చి నా వొళ్ళో పడేశాడు. ఎనభై దాటిన మనిషి. కళ్ళజోడు లేకుండా పేపరు చదువుతానని ఆయనకు కాస్త గర్వం కూడాను.

"ఇదేందిరా అబ్బాయ్! ఆడపిల్ల ఆడపిల్లని, మగాడు మగాణ్ణి పెళ్ళి చేసుకుంటామని సుప్రీంకోర్టు దాకా పోయారంట. కుదరదన్నారంట. మంచి పని చేశారు. అయినా ఇట్టాంటిది ఎప్పుడైనా విన్నామా?"

అప్పటికి నేనేమీ అనలేదు. కాఫీ తాగకముందే పెద్దవాళ్ళతో వాదనకి దిగడం మా ఇంట్లో ఆచారం కాదు. కానీ ఆ చివరి మాట నన్ను వదిలిపెట్టలేదు. "ఎప్పుడైనా విన్నామా?" ఈ మాట ఎక్కడో విన్నానే అనిపించింది. ఆలోచించగా తేలిందేమిటంటే, పెళ్ళి విషయంలో మన గుంటూరు, ఒంగోలు ప్రాంతాలు నూరేళ్ళ పైనుంచీ ఈ మాటే అంటూ వస్తున్నాయి. అన్న ప్రతిసారీ మొదట చెవులు మూసుకున్నారు. కొన్నాళ్ళకి అదే పెళ్ళికి వెళ్ళి, పప్పులో ఉప్పు తగ్గిందని వంటవాణ్ణి కేకలేశారు. ఆ కథ కాస్త వరసలో చెప్పుకుందాం.

మొదటిసారి ఆ మాట అన్నది వితంతువు పెళ్ళి గురించి. ఇక్కడో తమాషా వుంది. చట్టం వూరికంటే ముందే వచ్చి కూచుంది. హిందూ వితంతువు మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఆ పెళ్ళి చెల్లుతుందనీ, పుట్టే బిడ్డలు సక్రమ సంతానమేననీ 1856లోనే చట్టం చేశారు. కాగితం మీద అంతా సుఖమే. కానీ ఆ కాగితాన్ని నమ్ముకుని వీరేశలింగం పంతులుగారు రాజమండ్రిలో మొదటి జంటను పీటల మీద కూచోబెట్టేసరికి పాతికేళ్ళు గడిచాయి. 1881 డిసెంబరు 11న గోగులపాటి శ్రీరాములుకీ, గౌరమ్మకీ ఆ పెళ్ళి జరిగింది. పంతులుగారికి డబ్బు సాయం చేసింది కాకినాడ పైడా రామకృష్ణయ్యగారు. అండగా నిలబడింది విద్యార్థులు. కాపలా కాసింది పోలీసులు. పెళ్ళికి వెళ్ళినవాళ్ళకు దక్కింది వెలి.

మన గుంటూరు సంగతికి వస్తే, సత్తెనపల్లి దగ్గర వేములూరుపాడులో పుట్టిన ఉన్నవ లక్ష్మీనారాయణగారు, ఆయన భార్య లక్ష్మీబాయమ్మగారు 1902లో గుంటూరులో వితంతువుల కోసం శరణాలయం పెట్టారు. తర్వాత 'మాలపల్లి' రాసింది ఈ ఉన్నవవారే. అప్పటికి చట్టం వచ్చి నలభై ఆరేళ్ళు! కలకత్తాలో బయల్దేరిన చట్టం గుంటూరు దాకా కాలినడకన వచ్చిందన్నమాట. అయినా వచ్చాక కూడా వాకిట్లోనే నిలబడింది. లోపలికి రమ్మనడానికి ఉన్నవ దంపతుల్లాంటివాళ్ళు కావలసివచ్చింది.

ఇంకో సంగతి చెప్పాలి. ఈ గొడవంతా కొన్ని కులాల గొడవే సుమండీ. పొలాల్లో పనిచేసుకునే అనేక కులాల్లో 'మారుమనువు' ఎప్పటినుంచో వుంది. మొగుడు పోయిన పడుచుపిల్ల మరొకణ్ణి మనువాడేది. కులపెద్దలు కూచుని మాట అనుకునేవారు, నలుగురికీ భోజనాలు పెట్టేవారు. అదే పెళ్ళి. అంచేత "ఎప్పుడైనా విన్నామా?" అని వీధి అరుగు మీద కూచున్నవారు ఆశ్చర్యపోతున్న వేళకే, వాళ్ళ పొలంలో కలుపు తీస్తున్న మనిషి మారుమనువు చేసుకుని ముగ్గురు బిడ్డల్ని కని వుండొచ్చు. వినకపోవడం వేరు, లేకపోవడం వేరు.

ఆ 1856 చట్టంలో మెలిక కూడా ఒకటి వుంది. మళ్ళీ పెళ్ళి చేసుకుంటే మొదటి మొగుడి ఆస్తి మీద హక్కు వదులుకోవాలి. పెళ్ళి ఇచ్చిన చేత్తోనే పొలం తీసేసుకుంది చట్టం. ఈ మెలికను పాఠకులు కాస్త గుర్తుపెట్టుకోవాలి. పెళ్ళి గురించి మనం మంత్రాల దగ్గర పోట్లాడుకుంటాం గానీ, అసలు కథ ఎప్పుడూ ఇంటి దగ్గరా, పొలం దగ్గరా నడుస్తుంది.

రెండోసారి ఆ మాట అన్నది పిల్ల వయసు గురించి. 1929లో శారదా చట్టం చేశారు. ఆడపిల్లకి పధ్నాలుగు, మగపిల్లాడికి పద్ధెనిమిది నిండాలన్నారు. అది 1930 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చేట్టు పెట్టారు. మనవాళ్ళకి గడువు ఇస్తే వూరుకుంటారా? ఆ లోపలే కానిచ్చేయాలని దేశమంతా పిల్లల పెళ్ళిళ్ళు హడావిడిగా చేసేశారు. మా అమ్మమ్మ పెళ్ళి ఆ మార్చిలోనే అయింది. ఆవిడకి ఎనిమిదేళ్ళు. పెళ్ళిలో నిద్రపోతే ఎత్తుకుని తలంబ్రాలు పోయించారట. "రజస్వల అయిన పిల్లకి పెళ్ళి చెయ్యడం ఎప్పుడైనా విన్నామా?" అని వాళ్ళ తాతగారు అన్నారని ఆవిడే చెప్పి నవ్వేది. ఆవిడ మనవరాలు, అంటే మా చెల్లెలు, ఎమ్మెస్సీ అయ్యాక ఇరవై నాలుగో ఏట పెళ్ళి చేసుకుంది. అక్షింతలు వేసినవాళ్ళలో అమ్మమ్మ కూడా వుంది.

"ఒక మగాడికి ఒక ఆడది, అదే కదా అనాదిగా పెళ్ళంటే" అంటారు కొందరు. ఆ మాటా పూర్తిగా నిజం కాదు. మద్రాసు రాష్ట్రం 1949లో ద్విభార్యా నిషేధ చట్టం చేసేదాకా, గుంటూరు జిల్లా హిందూ గృహస్థుడు ఇద్దరినైనా, ముగ్గురినైనా చేసుకోవచ్చు. అన్నీ చెల్లేవి. ఇక స్మృతికారులు ఏకంగా ఎనిమిది రకాల వివాహాలు లెక్కపెట్టారు. అందులో పిల్లని ఎత్తుకుపోయినదానికీ, నిద్రపోతున్నదాన్ని చెరిచినదానికీ కూడా పేర్లున్నాయి. వాటిని మెచ్చుకున్నారని కాదు. జరిగినదాన్ని ఏదో ఒక గడిలో పెట్టకపోతే ఆ మనిషి గతేమిటో తేలదని వాళ్ళకీ తెలుసు.

మూడోసారి ఆ మాట అన్నది పురోహితుడు లేని పెళ్ళి గురించి. తెనాలిలో కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరిగారు 'వివాహ విధి' అని ఒక పుస్తకం రాసి, తెలుగులో పెళ్ళితంతు నడిపించారు. తనే పౌరోహిత్యం కూడా చేశారు. వధూవరులు ఏం ప్రమాణం చేస్తున్నారో వాళ్ళకే అర్థం కావాలన్నది ఆయన పట్టుదల. "తెలుగులో పెళ్ళా? ఎప్పుడైనా విన్నామా?" అని ఎందరో ముక్కున వేలేసుకున్నారు. ఆ తర్వాత స్టేజీ మీద దండలు మార్చుకునే పెళ్ళిళ్ళు వచ్చాయి. దండలూ, ఒక ఉపన్యాసం, పంక్తి భోజనం. అంతే.

ఈసారి వ్యవహారం తిరగబడింది. వూరు ముందు నడిచింది, చట్టం వెనకబడింది. 1953లో మద్రాసు హైకోర్టు ఒక కేసులో, తమిళనాట జరిగిన అటువంటి స్వయంమర్యాద వివాహం శాస్త్రోక్తమూ కాదు, ఆచారమూ కాదు, కనక చెల్లదని తేల్చింది. అప్పటికే అలా పెళ్ళి చేసుకుని పిల్లల్ని కన్నవాళ్ళ పరిస్థితి ఆలోచించండి. నిన్నటిదాకా ఆలుమగలు, ఇవాళ చట్టం కళ్ళకి ఎవరికెవరో! 1967లో అణ్ణాదురైగారి ప్రభుత్వం హిందూ వివాహ చట్టానికి తమ రాష్ట్రం మటుకు సవరణ చేసి, ఆ పెళ్ళిళ్ళన్నీ, పాతవాటితో సహా, చెల్లుతాయంది. 1953 అక్టోబరులోనే మనం మద్రాసు నుంచి విడిపోయాం. ఆ సవరణ మనకి రాలేదు. అంచేత మనవైపు దండల పెళ్ళి చేసుకున్న జాగ్రత్తపరులు రిజిస్టరు ఆఫీసుకి కూడా వెళ్ళి ఒక సంతకం పడేసి వచ్చేవారు.

ఆ రిజిస్టరు పెళ్ళికీ ఒక చరిత్ర వుంది. 1872లో వచ్చిన మొదటి చట్టం కింద పెళ్ళి చేసుకోవాలంటే "నేను హిందువునీ కాదు, ముస్లిమునీ కాదు, క్రైస్తవుణ్ణీ కాదు" అంటూ ప్రమాణం చెయ్యాలి. పెళ్ళి కావాలంటే మతం వదులుకోవాలన్నమాట. 1923లో హరిసింగ్ గౌర్ ప్రయత్నంతో ఆ షరతు కొంత సడలింది. హిందువులు, బౌద్ధులు, జైనులు, సిక్కులు తమలో తాము మతం వదులుకోకుండానే చేసుకోవచ్చన్నారు. కానీ ఉమ్మడి కుటుంబంలోంచి విడిపోయినట్టే లెక్క. మళ్ళీ ఆస్తి మెలికే చూశారా! చివరికి 1954లో ప్రత్యేక వివాహ చట్టం వచ్చింది. కులమేదైనా, మతమేదైనా పరవాలేదంది. ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, దాన్ని ఆఫీసులో అందరికీ కనపడేట్టు అంటించాలి, అభ్యంతరం వుంటే ఎవరైనా చెప్పొచ్చు, ముగ్గురు సాక్షులు సంతకం పెట్టాలి.

నేనూ ఒకసారి అలాంటి సాక్షిగా వెళ్ళాను. స్నేహితుడి కులాంతర వివాహం. నోటీసు అంటించిన నాలుగోరోజుకే పిల్ల తాలూకువాళ్ళు జీపేసుకుని దిగారు. ఆ ముప్పై రోజులూ ఆ పిల్ల మూడిళ్ళు మారింది. ఇప్పుడు వాళ్ళిద్దరూ తాతా, అమ్మమ్మా. జీపులో వచ్చిన మేనమామే మొన్న మనవడి బారసాలకి పెద్దరికం వహించాడు.

సరే, ఇప్పుడు బాబాయి పేపరు దగ్గరికి వద్దాం. 1954 నాటి ఆ చట్టంలో ఒక చిన్నమాట వుంది. పెళ్ళి ఎవరి మధ్య జరగొచ్చు అంటే, "ఎవరైనా ఇద్దరు వ్యక్తులు" అని మొదలుపెట్టింది. ఆ తర్వాత వయసు దగ్గరికొచ్చేసరికి పురుషుడికి ఇరవై ఒకటి, స్త్రీకి పద్ధెనిమిది అంది. ఈ రెండు వాక్యాల మధ్య సందులోనే సుప్రీంకోర్టు దావా అంతా నడిచింది.

అంతకుముందు జరిగింది రెండు ముక్కల్లో చెబుతాను. ఇంగ్లీషువాడు 1860లో రాసిన శిక్షాస్మృతిలో 377వ సెక్షను ఇలాంటి సంబంధాన్ని నేరంగా లెక్కగట్టింది. 2009లో ఢిల్లీ హైకోర్టు, ఇష్టపడిన పెద్దవాళ్ళ మధ్య అది నేరం కాదంది. 2013లో సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసింది. 2018 సెప్టెంబరు 6న అదే సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తులతో కూచుని, నేరం కాదని ఏకగ్రీవంగా చెప్పింది. నేరం పోయింది. మరి బంధుత్వం మాటేమిటి?

అది అడిగింది మన తెలుగునేల మీద కాపురముంటున్న జంటే. హైదరాబాదులో వుంటున్న సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ అనే ఇద్దరు 2021 డిసెంబరులో బంధుమిత్రుల మధ్య వేడుక చేసుకున్నారు. 2022 నవంబరులో సుప్రీంకోర్టుకి వెళ్ళారు. వాళ్ళ వెనకాల, పక్కనా మరికొందరు చేరి పిటిషన్లు ఇరవై దాకా అయ్యాయి. 2023 ఏప్రిల్ 18 నుంచి మే 11 దాకా, పది రోజులు వాదనలు జరిగాయి. దేశమంతా చూసింది.

కేంద్ర ప్రభుత్వం, ఇది పట్నవాసపు గొప్పవాళ్ళ ఆలోచన అంది. ఇది పార్లమెంటు తేల్చవలసిన సంగతి గాని కోర్టు తేల్చేది కాదంది. రాష్ట్రాలను అభిప్రాయం అడిగితే ఏడు రాష్ట్రాలు జవాబిచ్చాయి. సూటిగా వద్దన్నవి మూడు. రాజస్థాన్, అస్సాం, మూడోది మన ఆంధ్రప్రదేశ్. మతపెద్దలను సంప్రదించామనీ, వాళ్ళంతా వద్దన్నారనీ మన రాష్ట్రం చెప్పింది. ఆ జంటలను కూడా పిలిచి అడిగారా అంటే, ఆ వూసు లేదు.

2023 అక్టోబరు 17న తీర్పు వచ్చింది. పెళ్ళి చేసుకోవడం రాజ్యాంగమిచ్చిన ప్రాథమిక హక్కు కాదనీ, ప్రత్యేక వివాహ చట్టాన్ని కోర్టు తిరగరాయలేదనీ అయిదుగురూ ఒకటే మాటన్నారు. తేడా వచ్చింది ఇంకోచోట. పెళ్ళి కాకపోయినా ఆ కలయికకి ఏదో ఒక గుర్తింపు ఇవ్వాలన్నారు ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్, జస్టిస్ కౌల్. అక్కర్లేదన్నారు మిగతా ముగ్గురు. ఆ ముగ్గురిలో ఒకరు జస్టిస్ పమిడిఘంటం శ్రీనరసింహ. ఆయన స్వస్థలం అద్దంకి దగ్గర మోదేపల్లి. అంటే మన నల్లరేగడి మనిషే.

ఆయన విడిగా రాసిన తీర్పు తీసిపారేయవలసింది కాదు. మన చట్టాలన్నీ భర్త, భార్య అనే రెండు గడులు గీసి రాసుకున్నవి. వారసత్వం, భరణం, వయసు, అన్నీ ఆ గడుల్లోనే నడుస్తాయి. ఒక గడి మారిస్తే మిగతావి వూడతాయి. ఆ పని ఒక్క తీర్పుతో కోర్టు చెయ్యలేదు, శాసనసభల్లో నలుగురూ కూచుని చెయ్యాలి అన్నది ఆ వైపు వాదన సారం. కానీ పింఛను, ప్రావిడెంటు ఫండు, బీమాలాంటివి ఈ జంటలకి అందకపోతున్న సంగతిని ప్రభుత్వం సమీక్షించాలని జస్టిస్ నరసింహ కూడా అన్నారు. వద్దన్నవారికి సైతం ఇంటి దగ్గరి చిక్కు కనపడిందన్నమాట.

చంద్రచూడ్‌గారు రాసినదాంట్లో నాకు గుర్తుండిపోయింది ఒకటే. ఇది పట్నవాసపు షోకు కాదన్నారు. ఇంగ్లీషు మాట్లాడే ఆఫీసు ఉద్యోగి ఎంత అలాంటివాడు కావచ్చో, పల్లెలో పొలం పని చేసుకునే ఆడమనిషి కూడా అంతే కావచ్చునన్నారు. అది చదివినప్పుడు నాకు మా వూళ్ళో ఒక ఇల్లు గుర్తొచ్చింది. దాని గురించి చివర్లో చెబుతాను.

తీర్పు తర్వాత కథ ఆగిపోలేదు. కేంద్రం మాట ఇచ్చిన ప్రకారం 2024 ఏప్రిల్‌లో కేబినెట్ కార్యదర్శి అధ్యక్షతన కమిటీ వేశారు. అదే ఏడాది మూడు చిన్న ఉత్తర్వులు బయటికొచ్చాయి. కలిసివుండే జంటను రేషన్ కార్డు విషయంలో ఒక ఇంటివాళ్ళుగా చూడమన్నది ఒకటి. బ్యాంకులో జాయింటు ఖాతా తెరవడానికీ, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికీ అడ్డేమీ లేదన్నది ఇంకొకటి. దగ్గరి బంధువులు లేనప్పుడు చనిపోయిన మనిషి శవాన్ని తోడువున్నవారు తీసుకోవచ్చన్నది మూడోది. బియ్యం, డబ్బు, శవం. నూరేళ్ళ పంట అని మనం పాడుకునేదాన్ని లెక్కల పుస్తకంలో వేస్తే చివరికి మిగిలేవి ఈ మూడేనేమో! తీర్పును మళ్ళీ చూడమన్న పిటిషన్లను 2025 జనవరిలో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది.

ఈలోగా కేసులు మన గుమ్మంలోకే వచ్చాయి. మన రాష్ట్ర హైకోర్టు వున్నది ఎక్కడో కాదు, గుంటూరు జిల్లా తుళ్ళూరు పక్కన నేలపాడులో. ఒకప్పుడు పైర్లు వూగిన నేల. 2024 డిసెంబరులో ఆ కోర్టుకి విజయవాడ నుంచి ఒక యువతి వెళ్ళింది. తనతో కలిసివుండే మరో యువతిని ఆమె తండ్రి ఇంట్లో నిర్బంధించాడంది. ఇద్దరూ మేజర్లు, ఎవరితో వుండాలో వాళ్ళే ఎంచుకోవచ్చు, తల్లిదండ్రులు అడ్డుపడకూడదు అంది కోర్టు. భార్యాభర్తలనలేదు. కలిసి వుండండి అంది.

2025 జూన్‌లో ఒంగోలు నుంచి వెళ్ళిన కేసు ఇంకోటి. పెళ్ళి చేసుకున్న ఒక ట్రాన్స్ మహిళ, భర్తా అత్తమామలూ తనని హింసించారని ఒంగోలు పోలీసులకు ఫిర్యాదు చేసింది. బిడ్డల్ని కనలేని మనిషి స్త్రీ ఎలా అవుతుంది, గృహహింస కేసు ఎలా పెడుతుంది అని అవతలివాళ్ళ వాదన. జస్టిస్ వెంకట జ్యోతిర్మయి ప్రతాప ఆ వాదన కొట్టేశారు. ట్రాన్స్ మహిళ స్త్రీయే, ఆ సెక్షను రక్షణ ఆమెకీ వర్తిస్తుందన్నారు. అయితే ఆ ఫిర్యాదులో తగిన ఆధారాలు లేవని కేసు మాత్రం రద్దు చేశారు. కేసు పోయింది, సూత్రం నిలబడింది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తి స్త్రీపురుష సంబంధంగా చేసుకునే పెళ్ళి ఇప్పుడున్న చట్టాల కిందే చెల్లుతుందని 2023లో అయిదుగురు న్యాయమూర్తులూ ఒప్పుకున్నారు కూడా. ఆ ముక్క పేపర్లలో పెద్దక్షరాల్లో రాలేదు, అంతే.

బయటి లోకం సంగతి ఒక్క మాట. నెదర్లాండ్స్ 2001లో మొదటగా ఈ పెళ్ళిళ్ళను ఒప్పుకుంది. అమెరికా దేశమంతటా 2015లో వచ్చింది. ఆసియాలో తైవాన్ 2019లో, థాయ్‌లాండ్ 2025 జనవరిలో ఒప్పుకున్నాయి. అమెరికా మనకి దూరమా? నరసరావుపేటలోనో, చిలకలూరిపేటలోనో పది గడపలు తొక్కితే అమెరికాలో పిల్లలున్న ఇల్లు తగలకపోదు. అక్కడ ఆలుమగలుగానో, ఆలీఆలుగానో చెల్లిన జంట విమానం దిగేసరికి మనకి ఇద్దరు స్నేహితులు. తల్లిదండ్రులు మాత్రం "రూమ్మేటు" అని పరిచయం చేస్తారు. ఆ మాట చెప్పేటప్పుడు వాళ్ళ మొహాలు మీరెప్పుడైనా చూశారా?

దసరా మర్నాడు సాయంత్రం బాబాయితో ఇవన్నీ చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. "వితంతువైనా, కులం తప్పినా, అయ్యగారు లేకపోయినా, ఆడా మగా గదరా. ఇది వేరు" అన్నాడు.

వేరే. ఆ మాట నేనూ ఒప్పుకున్నాను. వాటిల్లో ఎవర్ని ఎవరు చేసుకోవచ్చన్నదే తగాదా. ఇక్కడ పెళ్ళంటే ఏమిటన్నదే తగాదా. అంచేతనే ఇది ఇంకా కష్టం. కానీ కష్టమైనంత మాత్రాన ఆ ఇంటి దగ్గరి చిక్కు తప్పిపోదు కదా. అప్పుడడిగాను.

"బాబాయ్, చెరువు కట్టకింద పెంకుటింట్లో ఇద్దరు మామ్మలుండేవాళ్ళు గుర్తున్నారా?"

గుర్తులేకేం. ఇద్దరూ చిన్నప్పుడే మొగుళ్ళు పోయినవాళ్ళు. ఒక ఇంట్లో ముప్పై ఏళ్ళపైన కలిసి బతికారు. మిరప కల్లంలో తాలుకాయలు ఏరడానికి ఇద్దరూ ఒకే పట్టా మీద కూచునేవాళ్ళు. కూలి డబ్బులు ఒకే కొంగున ముడేసుకునేవాళ్ళు. ఒకావిడ తిరణాలకి వెళితే రెండో ఆవిడకి గాజులు తెచ్చేది. ఇద్దరి రెక్కల కష్టంతో ఆ ఇల్లు కట్టుకున్నారు, కాగితం మాత్రం పెద్దావిడ పేరున వుండేది. వాళ్ళ మధ్య వున్నదేమిటో వూళ్ళో ఎవరూ అడగలేదు. వాళ్ళూ చెప్పలేదు. ఇప్పుడు నేను దానికో పేరు పెట్టబోవడం లేదు.

1984లో పెద్దావిడ పోయింది. పదిరోజులు గడవకుండానే ఆవిడ పెనిమిటి అన్నకొడుకులు వచ్చారు. ముప్పై ఏళ్ళలో ఒక్కనాడూ ఆ గుమ్మం తొక్కని మనుషులు. 1956 వారసత్వ చట్టం ప్రకారం, పిల్లలు లేని హిందూ స్త్రీ సొంతంగా సంపాదించిన ఆస్తి కూడా, భర్త లేకపోతే, భర్త వారసులకే పోతుంది. పుట్టింటివారి వంతు వాళ్ళ తర్వాతే. కలిసి బతికిన మనిషి ఆ జాబితాలో ఎక్కడా లేదు. పెద్దమనుషులు కూచున్నారు. కాగితం చూశారు. చట్టం ప్రకారం న్యాయంగానే తీర్పు చెప్పారు. రెండో ఆవిడ రెండు గిన్నెలూ, ఒక మడతమంచం తీసుకుని చెల్లెలి కూతురింటికి వెళ్ళిపోయింది. ఆ పెద్దమనుషుల్లో మా బాబాయి వున్నాడు. అప్పుడాయన వార్డు మెంబరు.

చాలాసేపు మాట్లాడలేదాయన. "వీలునామా రాసుకుంటే పోయేదిగా" అన్నాడు చివరికి.

"కట్టుకున్న పెళ్ళానికి వీలునామా అక్కర్లేదుగా బాబాయ్" అన్నాను.

మళ్ళీ మౌనం. వీధిలో పత్తి తీసి వస్తున్న ఆడవాళ్ళు గుంపుగా వెళ్ళారు. వాళ్ళు సందు తిరిగేదాకా అటే చూశాడు.

"ఈ పెళ్ళి సంగతి నాకు తెలవదురా అబ్బాయ్. నా బుర్రకి ఎక్కదు. ఎక్కించుకునే వయసూ కాదు. కానీ ఆ ఇల్లు మాత్రం ఆవిడదే. ఆ రోజే అనిపించింది, ఎట్టా చెప్పాలో తెలవలా."

పార్లమెంటు ఎప్పుడు కూచుంటుందో, ఏ గడులు ఎలా గీస్తుందో నేను చెప్పలేను. 1856 నాటి చట్టం గుంటూరు చేరడానికి నలభై ఆరేళ్ళు పట్టింది. ఈసారి ఏది ముందు వస్తుందో, చట్టమో, వూరో. మా అరుగు మీద మాత్రం ఎనభై దాటిన ఒక వార్డు మెంబరు తన పాత తీర్పు తనే తిరగదోడాడు. మర్నాడు పొద్దున పేపరు తెచ్చి నా వొళ్ళో పడేసినప్పుడు, "విన్నామా" అనలేదు. కళ్ళజోడు తీసుకురమ్మన్నాడు.